కిటికీ పక్క గోడకి ఒక పటం

జూన్ 4

తమ్ముడికి,

ఫోను చేస్తే నేనొకటి అంటాను, నువ్వొకటి వింటావు. ఇప్పుడు కుడి చెవి కూడా సరిగ్గా పనిచెయ్యడం లేదని మరదలు చెప్పింది. అందుకని రాస్తున్నాను. పైగా ఇక్కడ ఫోను మీ బావ జేబులోనే ఉంటుంది. ఆయన ముందు గది వదిలి కదలరు.

మా ముందు గదికి ఒక పటం కావాలి. ఇల్లు కట్టి నాలుగేళ్ళయినా గోడలు బోసిగానే ఉన్నాయి. క్యాలెండరుకి మేకు కొడతానన్నా ఒప్పుకోలేదు మీ బావ. ప్లాస్టరింగు దెబ్బతింటుందట. ఇప్పుడు నేనే గట్టిగా అడిగాను, సరేనన్నారు. ఒక్క మాటకే ఒప్పుకున్నారు, నాకే ఆశ్చర్యం వేసింది.

జూలై ఆఖరి వారంలో అల్లుడు సెలవు పెట్టి వస్తున్నాడు. మేడ మీద రెండు గదులు వేసే సంగతి తేల్చుకుని, ఇటుక చెప్పి వెళ్తాడు. అమ్మాయీ అతనూ ఇద్దరు పిల్లలతో ఒక్క అద్దె గదిలో ఎన్నాళ్ళని ఉంటారు? ఇల్లు పూర్తయిన రోజునే మీ బావ అతనికి మాటిచ్చారు. “రెండు గదులేం ఖర్మ, రెండంతస్తులు వేసుకో. ఈ గోడ కదిలితే నన్నడుగు” అన్నారు. అతను వచ్చేసరికి గది చూడ్డానికి బాగుండాలని నా ఆశ.

రెండు జానల వెడల్పు, మూడు జానల ఎత్తు ఉంటే చాలు. కిటికీ పక్కన, కాస్త కిందికి పెడతాను. ఏ బొమ్మ బాగుంటుందో నీకే తెలుసు.

ఆసుపత్రిలో దుప్పట్లకి మాసికలు వేసే పని ఇంకా చేస్తూనే ఉన్నాను. రోజుకి నలభై దుప్పట్లు. కుట్టిన చోట కాకుండా పక్కన చిరుగుతాయి. మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

మీ అక్క


జూన్ 11

అక్కకి,

ఉత్తరం అందింది. నీ అక్షరాలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి. నావి చూడు.

నలభై ఏళ్ళుగా పటాలు కడుతున్నాను, కిటికీ పక్కన కిందికి పెడతానన్నదానివి నువ్వొక్కదానివే. ఎవరైనా గోడ మధ్యలో పెడతారు. కుర్చీలో కూర్చుంటే బొమ్మ మధ్యభాగం కళ్ళకి ఎదురుగా రావాలి. కిటికీ పక్కన పెడితే వెలుగంతా అద్దం మీద పడి, బొమ్మ కనపడదు, నీ మొహమే కనపడుతుంది. అది చూసుకోవడానికి పటం ఎందుకు, అద్దం సరిపోదా?

కట్టించుకుని తీసుకెళ్ళనివాళ్ళ పటాలు కొట్లో పదకొండున్నాయి. ఒక గుర్రం, ఒక మంచు కొండ, పూలు మూడు రకాలు, కోటు వేసుకున్న బట్టతల ఆయన ఒకడు. ఆయనెవరో నాకూ తెలీదు. ఏడేళ్ళుగా నన్నే చూస్తున్నాడు. వీటన్నిట్లోకీ బాగుండేది నీళ్ళ మీద పడవ. దాన్ని తెచ్చినావిడ చాలా ముచ్చటపడి తెచ్చింది, తర్వాత కనపడలేదు. దానికి కొత్త అద్దం వేసి, వెనక కొత్త కాగితం అంటించి, రేపు బస్సు పార్సిల్లో వేస్తాను. నువ్వడిగిన కొలతే.

పక్క కొట్టు దర్జీ ఇక్కడే కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు జనం అద్దం లేకుండా గుడ్డ మీదే బొమ్మలు అచ్చేయించుకుంటున్నారట, నా పని అయిపోయిందట. రెడీమేడ్ చొక్కాలు వచ్చి వాడి పని ఎప్పుడో అయిపోయింది. ఒకరికొకరం తోడు.

పటం మాత్రం గోడ మధ్యలో పెట్టు. నా మాట విను.

నీ తమ్ముడు


జూన్ 22

తమ్ముడికి,

పడవ వచ్చింది. అద్దం పగల్లేదు. బొమ్మ చాలా బాగుంది, నీళ్ళు నిజం నీళ్ళలాగే ఉన్నాయి.

మీ బావ సంగతి చెప్తాను విను. పటం తగిలించగానే రసమట్టం తెచ్చి ఫ్రేము మీద పెట్టారు. ఫ్రేము సరిగ్గానే ఉంది. ఊరుకోవచ్చుగా? అద్దం మీద, సముద్రం గీత దగ్గర మట్టం ఆనించి చూశారు. “సముద్రం ఎడమకి వాలింది. ఈ పడవలో వాడు బతకడు” అన్నారు. మట్టం మేస్త్రి అని ఊరికే పేరు రాలేదు కదా. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే లేచి పటం ముందు నిలబడి అటూ ఇటూ జరుపుతూ ఉంటారు. పటాన్ని ఆయన ముట్టుకోకుండా ఉంటే బాగుండునని నాకు. వెలుతురు కావాలని కుర్చీ కూడా కిటికీ పక్కకే జరుపుకున్నారు. పటం కిందే కూర్చుంటారు.

కానీ తమ్ముడూ, ఇది చిన్నదైపోయింది. నేనే సరిగ్గా చెప్పలేదు. నాలుగు జానల వెడల్పు, ఐదు జానల ఎత్తు ఉండాలి. ఇంకాస్త కిందికి దిగాలి. బొమ్మ ఏదైనా ఫరవాలేదు. గుర్రమైనా సరే, నీ బట్టతల ఆయనైనా సరే. పెద్దదైతే చాలు.

అల్లుడు వచ్చేలోపు అందేలా చూడు.

మీ అక్క


జూన్ 29

అక్కకి,

బొమ్మ ఏదైనా ఫరవాలేదన్నావు. పెద్దదైతే చాలన్నావు. గుమ్మానికి తెరగుడ్డ కొంటున్నావా, పటం కట్టించుకుంటున్నావా?

నిజం చెప్తున్నాను, నాకు కష్టం వేసింది. పదకొండు పటాలూ ముందేసుకుని, నీ గదికి ఏది నప్పుతుందా అని ఒక సాయంత్రమంతా చూశాను. నీ కిటికీ ఏ దిక్కున ఉందో, మధ్యాహ్నం వెలుగు ఎలా పడుతుందో గుర్తుచేసుకుని పడవ తీశాను. నీకు కావాల్సింది బొమ్మ కాదని తెలిసుంటే రెండు జానల అట్టముక్క పంపేవాణ్ణి. అల్లుడి ముందు గొప్పకి పెద్ద పటం కావాలంటే ఆ మాటే చెప్పు. మనలో మనకి దాపరికం ఎందుకు?

అంత పెద్ద అద్దం పార్సిల్లో వేసి, మళ్ళీ కొలత తప్పిందంటే నా వల్ల కాదు. కాబట్టి మా కొట్లో గిరాకీలకి చెప్పే పద్ధతే నీకూ చెప్తున్నాను. పాత న్యూస్‌పేపర్లు అతికించి, నీకు కావాల్సిన కొలతకి కత్తిరించు. పటం ఎక్కడ పెడతావో సరిగ్గా అక్కడ, నాలుగు మూలలా అంటించు. పది రోజులు అలా ఉంచి, వస్తూ పోతూ చూడు. అప్పటికీ అదే కొలత కావాలనిపిస్తే, ఆ కాగితమే మడిచి నాకు పంపు. దాని ప్రకారం కడతాను. జానలు నమ్మను. నీ జాన వేరు, నా జాన వేరు.

బావని అడిగానని చెప్పు. సముద్రం సంగతి అచ్చువేసినవాడికి చెప్పుకోమను.

నీ తమ్ముడు


జూలై 12

తమ్ముడికి,

కాగితం దీనితో పంపుతున్నాను. కొలత అదే, మార్పు లేదు.

నువ్వు నాలుగు మూలలా అంటించమన్నావు గానీ, ఫ్యాను గాలికి రాత్రీ పగలూ టపటపమంటోందని వెనకంతా మైదా జిగురు రాసి అంటించేశాను. అందుకని ఊడదీసేటప్పుడు చిరిగింది. ఏమీ అనుకోకు, రెండు ముక్కలూ కలిపి చూసుకో.

గొప్ప కోసం కాదు. అంతకంటే ఏం రాయను. నువ్వు పంపిన పడవని తక్కువ చేశాననుకుంటే, నాకూ కష్టంగా ఉంది. దాన్ని మళ్ళీ అక్కడే తగిలించాను, పెద్దది వచ్చేదాకా.

మీ బావకి ఈమధ్య విసుగెక్కువైంది. భోజనానికి పిలిస్తే పలకరు. అమ్మాయి అక్కడ సామాను సర్దడం మొదలుపెట్టిందట. మనవల్లో పెద్దవాడు మేడ మీద ఏ గది తనదో ఇప్పుడే చెప్పేసుకున్నాడట, కిటికీ ఉన్నది. ఆ మాట ఫోనులో విని ఆయన ఫోను నాకిచ్చేశారు.

మొన్న ఆసుపత్రిలో సూది విరిగి వేలికి గుచ్చుకుంది. ఏం లేదులే, మానిపోయింది.

త్వరగా పంపు.

మీ అక్క


జూలై 17

అక్కకి,

కాగితం బల్ల మీద పరిచి రెండు రోజులుగా చూస్తున్నాను.

ఊడదీసేటప్పుడు చిరిగిందన్నావు. పాత పటాల వెనక కాగితాలు ఊడదీయడమే నా సగం పని. చేత్తో లాగితే చిరుగు వంకర్లు పోతుంది, పొరలు లేస్తాయి, అంచు తెల్లగా ఉంటుంది. ఇది అలా లేదు. పై మూల నుంచి కిందికి, మెట్లు దిగినట్టు ఏటవాలుగా చిరిగింది. అంచు పొడుగునా సున్నం పొడి పట్టింది. అంటే ఇది గోడ మీద ఉండగానే చిరిగింది. ఎవరూ ముట్టుకోకుండా చిరిగింది. కాగితం కింద గోడ కదిలితే తప్ప అలా చిరగదు.

కిటికీ పక్కనే ఎందుకన్నావో, కిందికి ఎందుకన్నావో, బొమ్మ ఏదైనా ఎందుకు ఫరవాలేదో ఇప్పుడు తెలిసింది. తెరగుడ్డ అని వెటకారం చేశాను. నిజంగా నీకు కావాల్సింది అదే.

గోడ బీటవారింది కదా? ఎన్నాళ్ళయింది? బావకి తెలుసా?

నీ తమ్ముడు


జూలై 22

తమ్ముడికి,

నువ్వు కనిపెట్టావు కాబట్టి ఇంక దాచను. చెప్పుకోడానికి ఒక మనిషి ఉన్నందుకు తేలిగ్గానే ఉంది.

మార్చిలో చూశాను. కిటికీ కింది మూల దగ్గర వెంట్రుకంత గీత. తడిగుడ్డతో తుడిస్తే పోతుందనుకున్నాను. మే నెలకి రెండు జానలైంది. నీకు మొదటి ఉత్తరం రాసినప్పుడు అదే కొలత. వానలు మొదలయ్యాక ఇంకా దిగింది.

మీ బావకి తెలీదు. ఎలా చెప్పను? ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊళ్ళోవాళ్ళకి ఇళ్ళు కట్టి, అద్దె గదుల్లో ఉన్నాం. ఈ ఒక్క ఇల్లూ పని మానేశాక, ఒక్క చేత్తో, మూడేళ్ళు కట్టుకున్నారు. ఎవరి గోడైనా బీటవారితే వెళ్ళి చూసి, “ఎవడు కట్టాడ్రా ఇది?” అని అడగడం ఆయనకి అలవాటు. ఆ మాట ఆయన్ని ఎవరైనా అడిగితే నేను వినలేను.

ఇంకో మాట కూడా రాసేస్తాను, తిట్టుకో. పెద్ద పటం పంపు. అల్లుడు వచ్చి వెళ్ళేదాకా అది అక్కడ ఉంటే చాలు. తర్వాత చూసుకుందాం. పైన బరువు పడితే గోడ సర్దుకుని నిలుస్తుందేమో కూడా. అలా జరుగుతుందని ఎక్కడో విన్నాను. అమ్మాయి సామాను సర్దేసుకుంది. ఇప్పుడు వద్దంటే దాని మొహం చూడలేను, ఆయన మొహమూ చూడలేను. నాకింక ఓపిక లేదు.

మీ అక్క


జూలై 25

అక్కకి,

పెద్ద పటం కట్టడం పూర్తయింది. మంచు కొండ. గోడకి ఆనించి ఉంది. పంపను.

బరువు పడితే గోడ సర్దుకోదు. ఎక్కడా వినలేదు నువ్వు, నీకు కావాల్సింది నువ్వే అనుకున్నావు. పైన పడుకునేది నీ మనవలు. కిటికీ ఉన్న గది ఎంచుకున్నది పెద్దవాడే కదా. ఆ గది కింద ఏ గోడ ఉందో నువ్వే ఆలోచించు.

చెదలు తిన్న ఫొటోలకి కొత్త అద్దం, కొత్త ఫ్రేము వేసి చాలామందికి ఇచ్చాను. పైకి బాగుంటుంది. నాకు తెలిసే ఇచ్చాను, అడిగారు కాబట్టి. ఇది మాత్రం నా వల్ల కాదు.

ఈ కవరులో రెండు అట్టల మధ్య సన్నటి అద్దం ముక్క ఉంది, వేలెడంత. బీట మీద అడ్డంగా పెట్టి, రెండు కొసలకీ కొంచెం సిమెంటు ముద్ద వెయ్యి. గోడ ఇంకా కదులుతుంటే అద్దం పగులుతుంది. ఇది నా తెలివి కాదు. ఈ ముక్కల కోసం మేస్త్రీలు నా కొట్టుకి వచ్చేవాళ్ళు. బావా వచ్చేవాడు. ఎవరింటి గోడకో చెప్పి, చొక్కా జేబులో వేసుకెళ్ళేవాడు.

అల్లుడు వచ్చేలోపు బావకి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను రాస్తాను. బావ తిట్టినా నాకు ఎలాగూ వినపడదు.

నీ తమ్ముడు


ఆగస్టు 3

తమ్ముడికి,

నీ కవరు ఇరవై ఎనిమిదిన వచ్చింది. మీ బావ వీధి చివర దాకా నడవడానికి వెళ్ళినప్పుడు సిమెంటు కలుపుకుని, పడవ పటం దింపి, అద్దానికి దెబ్బ తగలకుండా మంచం మీద బోర్లా పెట్టాను.

నువ్వు వెనక అంటించావే కొత్త కాగితం, దాని మీద పెన్సిల్ రాత ఉంది. మీ బావ రాత. ఇదివరకు పటం దింపినప్పుడు వెనక చూడలేదు నేను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

జనవరి. కిటికీ మూల. వెంట్రుక.
మార్చి. జాన.
జూన్ 24. రెండు జానలు, బెత్తెడు.
జూలై 3. మూడు జానలు.
జూలై 11. కాగితం చిరిగింది.
జూలై 26. మూడు జానలు, బెత్తెడు.

రోజూ పొద్దున్నే ఆయన పటం సరిచేస్తున్నారనుకున్నాను. పటం ఎత్తి కొలుచుకుని, వెనక రాసుకుంటున్నారు. కుర్చీ జరుపుకున్నది వెలుతురు కోసం కాదు, పటం కింద మిగిలిన బీటని వీపుతో దాచడానికి.

ఆయన వచ్చేసరికి నా చేతిలో అద్దం ముక్క ఉంది. అది చూడగానే ఏమిటని అడగలేదు. చెప్పులు విడిచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

“నువ్వెప్పుడు చూశావు?” అన్నారు.

“మార్చిలో. మీరు?”

“జనవరిలో.”

“మరి నాకు చెప్పలేదే?”

“నువ్వు చెప్పావా?”

తర్వాత ఆయనే అన్నారు, “గదికి పటం కావాలని నువ్వడిగినప్పుడు బతికానురా అనుకున్నా. ముచ్చటపడి అడుగుతున్నావనుకున్నా.”

అప్పుడు అసలు సంగతి చెప్పారు. పునాది తవ్వేటప్పుడు మిగతా మూడు మూలలూ గట్టి నేల తగిలేదాకా తవ్వారట. ఈ మూల ఎప్పుడో పూడ్చిన గొయ్యి ఉంది, ఎంత తవ్వినా మెత్తటి మన్నే. నాలుగు రోజులు తవ్వారు. ఐదో రోజు మోకాలు మడత పడలేదు. “ఇంకో మూర దిగితే గట్టి నేల ఉందని పార దెబ్బకే తెలుస్తోంది. ఆ మూర తవ్వలేదే. అలిసిపోయాను” అన్నారు. ఇంకెవడైనా అయితే ఆ మాటకి ఆయన ఏమనేవారో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

అల్లుడు ముప్ఫైన వచ్చాడు. అతను మాట్లాడేది తక్కువ, లేత్ మిషను మీద పని కదా, ఆ చప్పుడుకి అలవాటుపడి. మంచినీళ్ళు కూడా తాగనివ్వకుండా మీ బావ పటం దింపి, కుర్చీ పక్కకి లాగి, “నేను కట్టిందే. చూడు” అన్నారు. అల్లుడు వంగి, బీటలో గోరు పెట్టి పై నుంచి కిందిదాకా గీసుకుంటూ వచ్చాడు. చాలాసేపటికి, “ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఇంటాయనకి చెప్పేశాం మామయ్యా” అన్నాడు. అంతే. మర్నాడే వెళ్ళిపోయాడు, ఇంటాయన్ని బతిమాలుకోడానికి. మూడు నెలలు ఒప్పుకున్నాడట. అమ్మాయి ఫోను తియ్యడం లేదు. తీసి ఏమనాలో దానికీ తెలియదు.

వానలు తగ్గాక ఆ మూల బయటి నుంచి తవ్వించి, కింద నుంచి కట్టుకుంటూ రావాలట. ఆయన దగ్గర పని నేర్చుకున్న మేస్త్రి ఒకతను చేస్తానన్నాడు. తవ్వేది అతను. గట్టున కుర్చీ వేసుకుని మూర కొలిచేది మీ బావ. అది నిలిచాకే మేడ మాట. నిలవకపోతే లేదు.

ఆ అద్దం ముక్క ఆయనే అంటించారు. నేను కలిపిన సిమెంటు పనికిరాదన్నారు. ఇవాళ్టికి పగల్లేదు. పగల్లేదు కదా అంటే, ఆరు రోజులేగా అన్నారు.

పడవ పటం ఇప్పుడు గోడ మధ్యలో ఉంది, నువ్వు చెప్పినట్టే, కూర్చుంటే కళ్ళకి ఎదురుగా. సముద్రం ఇంకా వాలుగానే ఉందంటారు.

మంచు కొండ ఎవరికైనా అమ్మేసుకో. మాకు ఆ ఫ్రేమూ అద్దమూ పంపు, బొమ్మ వద్దు, వెనక అట్ట కూడా వద్దు. బీట చివర ఆయన పెన్సిల్‌తో గీత పెట్టి తారీఖు వేస్తున్నారు. సంగతి బయటపడ్డాక పాత మేస్త్రీలు ఒక్కొక్కరే చూడ్డానికి వస్తున్నారు, వచ్చిన ప్రతివాడూ వేలు పెట్టి రుద్దుతున్నాడు, గీతలు చెరిగిపోతున్నాయి. ఒకాయన, “ఎవడు కట్టాడ్రా ఇది?” అని కూడా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మీ బావ, “నేనే” అన్నారు. నేను విన్నాను. వినగలిగాను.

అందుకని దాని మీద అద్దం ఉంటే మంచిదట. కొలతలు ఈసారి ఆయనే టేపు పెట్టి రాశారు, దీనితో పంపుతున్నాను. ఫ్రేము కొలత మార్చాల్సి వస్తే మార్చు. కింద వైపు మాత్రం ఒక జానెడు ఎక్కువ వదలమన్నారు.

మీ అక్క